గడ్డి మిషన్‌ను మీకు అప్పగిస్తున్నాం

ప్రియమైన తమ్ముళ్ళకు,

ప్రతి సంవత్సరం ఈ వార్షికోత్సవ సంచికలో వెళ్ళిపోయే ఫైనలియర్ వాళ్ళు తమ జ్ఞాపకాలు రాయడం మన హాస్టల్‌లో ఆనవాయితీ. మెస్ సాంబారు గురించి, కబడ్డీ కప్పు గురించి, పరీక్షల ముందు రాత్రి వరండాలో చదువుల గురించి మా సీనియర్లు చాలా బాగా రాశారు. 6వ నంబరు గది వాళ్ళం ఐదుగురం కూర్చుని ఏం రాద్దామా అని ఆలోచిస్తే, అందరి నోటా ఒకేసారి వచ్చింది మెట్ల కింద ఉండే ఆ పాత గడ్డి మిషన్. అది నవ్వొచ్చే విషయంలా కనబడవచ్చు. కానీ మూడేళ్ళలో మేము నేర్చుకున్నదాంట్లో సగం దాని దగ్గరే నేర్చుకున్నాం. ఇప్పుడు దాన్ని మీ చేతుల్లో పెట్టి వెళ్తున్నాం కాబట్టి, దాని కథా, దాన్ని చూసుకునే పద్ధతీ రెండూ చెప్పడం మా బాధ్యత.

2023లో మేము డిగ్రీ ఫస్టియర్‌లో చేరాం. అప్పటికి మన హాస్టల్ ఆవరణ ఇప్పుడున్నట్లు లేదు. గేటు నుంచి వరండా దాకా కాలిబాట తప్ప మిగతాదంతా గడ్డే. ముందు వైపు గరిక, తుంగ. వెనక కుళాయిల దగ్గర వయ్యారిభామ నడుమెత్తు పెరిగేది. కూలీలను పెట్టి కోయిస్తే పదిహేను రోజులు శుభ్రంగా ఉండేది. ఒక్క వాన పడితే మళ్ళీ మొదటికొచ్చేది.

ఆ ఆగస్టులో ఒక సాయంత్రం ఇంటర్ ఫస్టియర్ తమ్ముడొకడు పళ్ళెం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్ళి కేక పెట్టాడు. రక్తపింజర. మేము కొందరం దాన్ని చంపుదామని కర్రలు తెచ్చాం, ఒకడు కాలికి తాడు కడదామన్నాడు. వార్డెన్ గారు మమ్మల్ని గట్టిగా కసిరి, కాలు కదపకుండా వాడిని ఎత్తి ఆటోలో పడుకోబెట్టించారు. తాడు కట్టడం, కాటు మీద కోయడం, నాటు వైద్యం అంటూ సమయం పోగొట్టడం ప్రమాదమని ఆ రాత్రి ఆసుపత్రిలో నర్సమ్మ గారు మాకు చెప్పారు. వాడి రక్తం కొంచెం గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూశారు. గడ్డకట్టలేదు. వెంటనే విరుగుడు మందు ఎక్కించారు. మన దేశంలో ఇచ్చే ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటి విషానికీ పనిచేస్తుందని అప్పుడే తెలిసింది. తమ్ముడు బతికాడు.

వాడు బతికాడు గానీ వాడి చదువు ఆగిపోయింది. నాలుగో రోజున వాళ్ళ నాన్న వచ్చి ట్రంకు పెట్టె భుజాన పెట్టుకున్నాడు. "చదువు లేకపోతే కూలికి పోతాడు సార్. ప్రాణం పోతే ఎక్కడ తెచ్చుకోను?" అన్నాడు వార్డెన్ గారితో. ఆయన ఏమీ అనలేకపోయారు. ఆ పెట్టె గేటు దాటి వెళ్తుంటే మేమంతా వరండాలో నిలబడి చూశాం. ఆ రాత్రి మా గదిలో ఎవరూ పుస్తకం తెరవలేదు.

మన పక్క వీధిలో రిటైరైన లెక్చరర్ మేడం గారి ఇల్లు మీకు తెలుసు. వాళ్ళ షెడ్డులో ఒక పెట్రోలు గడ్డి మిషన్ ఉందని పాలు పోసే అతను చెప్పాడు. వెళ్ళి అడిగాం. "మీ సార్ ఉన్నప్పుడు ప్రతి ఆదివారం తోసేవారు బాబూ. ఆయన పోయాక పదేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. నడిస్తే మీరే ఉంచుకోండి, నడవకపోతే పాతినప సామాన్ల వాడికి వేసేయండి" అన్నారు మేడం. పట్టా తీస్తే నాలుగు చక్రాలు, ఇనుప గుల్ల, దాని మీద ఇంజను, పొడుగాటి పిడి. లాగే తాడు సగం చివికిపోయింది. చక్రం ఒకటి తిరగలేదు. వీధి వెంట దాన్ని సగం తోస్తూ, సగం మోస్తూ తెచ్చాం. దారిలో ఒక పెద్దాయన "ఏంట్రా, కొత్త బండా?" అని నవ్వాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక మీటింగ్ పెట్టాం. 31 మంది తలా 20 రూపాయలు, మొత్తం 620 వేశారు. కాస్మెటిక్ ఛార్జీలు దాచుకున్న వాళ్ళు అందులోంచి ఇచ్చారు. అయితే ఒక చిక్కు ఉంది. ఈ మిషన్ మోకాలెత్తు గడ్డిని కోయలేదు, ఆగిపోతుంది. ముందు కొడవళ్ళతో ఒకసారి కోసి, ఆ తర్వాతే దీన్ని తిప్పాలి. ఎవరెవరు కొడవలి పడతారు అని అడిగితే, ఇంటర్ ఫస్టియర్ తమ్ముడొకడు లేచి నిలబడ్డాడు.

"అన్నా, డబ్బులిస్తాను. గడ్డి మాత్రం కొయ్యను. మా అమ్మ వేరేవాళ్ళ గేదెలకి గట్ల మీద గడ్డి కోసి కోసి నన్ను ఇక్కడికి పంపింది. ఇక్కడ కూడా నేను గడ్డే కోస్తున్నానని తెలిస్తే ఏడుస్తుంది" అన్నాడు.

హాలంతా నిశ్శబ్దమైపోయింది. మాలో చాలామంది అమ్మలు అదే పని చేస్తారు. వాడు అన్నది మా అందరి మనసుల్లో ఉన్నదే. ఎవరం జవాబు చెప్పలేకపోయాం. ఇష్టమున్న వాళ్ళే పని చేయాలి, ఎవరినీ బలవంతపెట్టకూడదు అని ఆ రాత్రే తీర్మానం చేసుకున్నాం. ఆ తీర్మానం ఇప్పటికీ అమల్లో ఉంది, మీరూ దాన్ని మార్చకండి.

బాగుచేయడానికి మాకు మూడు ఆదివారాలు పట్టింది. బస్టాండు దగ్గర పంపుసెట్లు బాగుచేసే మెకానిక్ బాబాయిని అడిగితే, "నా దగ్గరికి తెస్తే కూలి అవుతుంది. నేను చెప్తా, మీరు చేసుకోండి. ఏ పెట్రోలు ఇంజనుకైనా మూడే చూడాలి. ప్లగ్గులో కరెంటు, కార్బురేటర్లో పెట్రోలు, లోపల కంప్రెషన్. మూడూ ఉంటే నడవక ఎక్కడికి పోతుంది?" అన్నాడు. ఇంజనీరింగ్ కాలేజీలో కూడా ఇంతకన్నా సూటిగా చెప్పరేమో.

మొదటి ఆదివారం శుభ్రం చేయడానికే సరిపోయింది. ఇంజను పై మూత విప్పితే చల్లబరిచే రెక్కల మధ్య ఎలుక గూడు. పీచు, గుడ్డ పేలికలు గుప్పెళ్ళతో తీశాం. మిషన్ను పక్కకు పడుకోబెట్టి గుల్లలో గట్టిపడ్డ గడ్డిని చెక్క ముక్కతో గీకాం. బ్లేడు అంచు చెంచా అంచులా మొద్దుబారి ఉంది. చివికిన తాడు తీసి కొత్త తాడు చుట్టాం.

తర్వాత కంప్రెషన్ చూశాం. ప్లగ్గు విప్పి ఆ రంధ్రం మీద బొటనవేలు పెట్టి, ఇంకొకడు తాడు లాగితే లోపలి గాలి వేలిని తోసేయాలి. తోసేసింది! మాకు ప్రాణం లేచొచ్చింది. ఆ తర్వాత కరెంటు. ప్లగ్గును మూతకి తగిలించి ఇంజను లోహానికి ఆనించి తాడు లాగితే నీలం రంగు నిప్పు కనబడాలి. ఎన్నిసార్లు లాగినా కనబడలేదు. 120 రూపాయలు పెట్టి కొత్త ప్లగ్గు తెచ్చినా అంతే. భుజాలు నొప్పి పుట్టాయి.

గడ్డి కొయ్యనన్న తమ్ముడు రోజూ మా పక్కన వచ్చి కూర్చునేవాడు. పని ముట్టేవాడు కాదు, చూసేవాడు. రెండో ఆదివారం "అన్నా, దీనికి బ్యాటరీ లేదు గదా, కరెంటు ఎక్కడినుంచి వస్తుంది?" అని అడిగాడు. మాలో సైన్సు గ్రూపు వాడు చెప్పాడు. తిరిగే చక్రం అంచులో అయస్కాంతం ఉంటుంది. అది తీగచుట్ట పక్కనుంచి పోయినప్పుడల్లా చుట్టలో కరెంటు పుడుతుంది. 1831లో ఫారడే కనిపెట్టిన సూత్రమే, మన ఫిజిక్స్ పుస్తకంలో ఉన్నదే. మార్కుల కోసం బట్టీ పట్టిన పాఠం ముందు మిషన్ రూపంలో ఉంటే మాకే కొత్తగా అనిపించింది. తమ్ముడు టార్చి పట్టుకుని లోపలికి తొంగి చూస్తూ చాలాసేపు ఉండి, "అన్నా, ఈ సన్న తీగని ఎలుక కొరికింది. రాగి బయటపడి బాడీకి తగుల్తోంది" అన్నాడు.

అది ఇంజనును ఆపే తీగ. అది బాడీకి తగిలితే కరెంటు అటే పోతుంది, ప్లగ్గుకు రాదు. ఇంజను ఆగడానికి పెట్టిన ఏర్పాటే అది. మేము వారం రోజులు లాగింది ఆపేసి ఉన్న ఇంజను తాడు! వాడి వేళ్ళు సన్నం, లోపలిదాకా పోయాయి. వాడే టేపు చుట్టాడు. తాడు లాగితే టక్కున నీలం నిప్పు. వరండా అంతా చప్పట్లు.

అయినా స్టార్టు కాలేదు. ప్లగ్గు రంధ్రంలో చెంచాడు పెట్రోలు పోసి లాగితే ఐదు సెకన్లు బుర్రుమని ఆగిపోయింది. "అయితే జబ్బు కార్బురేటర్లోనే" అన్నాడు బాబాయి ఫోన్లో. దాని కింది గిన్నె విప్పితే పదేళ్ళ నాటి పెట్రోలు ఎండి బంకలా, వార్నిష్‌లా అతుక్కుని ఉంది. సన్న రంధ్రం మూసుకుపోయింది. దాన్ని గుండుసూదితో పొడవకూడదు, రంధ్రం పెద్దదవుతుంది. కరెంటు వైరులోని ఒక్క రాగి పోగు తీసి, పెట్రోలులో నానబెట్టి, మెల్లగా శుభ్రం చేశాం. మెత్తబడిపోయిన పెట్రోలు పైపు తీసేసి బైకు పైపు వేశాం. మూడో ఆదివారం మధ్యాహ్నం మూడో లాగుడుకి అది అందుకుంది. తెల్ల పొగ, చెవులు గింగుర్లెత్తే శబ్దం. వంట మాస్టారు గరిటె పట్టుకునే బయటికి పరుగెత్తుకొచ్చారు.

మా ట్రెజరర్ లెక్క ఇదీ: ప్లగ్గు 120, పైపు 40, ఇంజనాయిల్ 250, తాడు 60, ఆకురాయి 150. వేసిన 620కీ లెక్క సరిపోయింది. నోటీసు బోర్డు మీద అతికించాం.

ఇక్కడ మా తప్పొకటి దాచకుండా చెప్పాలి. పిడి దగ్గర ఒక లివర్ ఉంటుంది. దాన్ని పట్టుకున్నంతసేపే ఇంజను నడవాలి, వదిలితే ఆగాలి. దాని కేబుల్ తుప్పు పట్టి తెగిపోయింది. తొందరలో మేము ఇంజను దగ్గరే బైండింగ్ వైరుతో కట్టేశాం. కొడవళ్ళతో కోయడం అయ్యాక మొదటిసారి మిషన్ తిప్పుతుంటే గడ్డిలో కంకర రాయి ఒకటి బ్లేడుకు తగిలి, తూటాలా పోయి వంటగది పక్కన ఉన్న ప్లాస్టిక్ నీళ్ళ డ్రమ్ముకు చిల్లు పెట్టింది. తోసేవాడు భయపడి పిడి వదిలేశాడు. ఇంజను ఆగలేదు! ఒకడు పరుగెత్తి కర్రతో ప్లగ్గు మూత లాగేస్తే గానీ ఆగలేదు. ఆ డ్రమ్ము దగ్గర పది నిమిషాల ముందు ఇద్దరు తమ్ముళ్ళు మొహం కడుక్కున్నారు. పాము నుంచి కాపాడదామని తెచ్చిన మిషన్‌తో మేమే ఒకరి ప్రాణం తీసేవాళ్ళం. వార్డెన్ గారు తిట్టలేదు, డ్రమ్ము చిల్లు చూపించి ఊరుకున్నారు. అది తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. మర్నాడే సైకిల్ బ్రేకు కేబుల్ కొని లివర్ బాగుచేశాం. అమెరికాలో 1982 నుంచి, ఇలా తోసే మిషన్లలో పిడి వదిలిన మూడు సెకన్లలో బ్లేడు ఆగాలని చట్టమే ఉందని తర్వాత చదివాం.

దసరా సెలవులయ్యాక పాము కరిచిన తమ్ముడి నాన్నకు వార్డెన్ గారి చేత ఫోన్ చేయించాం. ఆయన నమ్మలేదు. ఒకరోజు చెప్పకుండా వచ్చాడు. చేతికర్రతో ఆవరణంతా తిరిగాడు. కుళాయిల వెనక, బాత్రూముల గోడ వెంట, మెట్ల కింద తట్టి చూశాడు. టీ ఇస్తే తాగి, ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు. మర్నాడు సాయంత్రం ట్రంకు పెట్టె భుజాన పెట్టుకుని వచ్చాడు, వెనకాల కొడుకు. ఈ మిషన్ కథలో మాకు అన్నిటికన్నా విలువైన రోజు అదే.

ఇంకొక రోజు కూడా చెప్పాలి. కార్తీకమాసంలో ఒక ఆదివారం, గడ్డి కొయ్యనన్న తమ్ముడి అమ్మ వాడిని చూడటానికి వచ్చింది. అప్పుడు వాడు మిషన్ ముందు కూర్చుని ఫిల్టరు కడుగుతున్నాడు. అమ్మను చూసి గబుక్కున లేచి, "గడ్డి కొయ్యట్లేదమ్మా, ఇంజను బాగుచేస్తున్నా" అన్నాడు. ఆమె నవ్వి, "ఏదైనా పనేగదరా" అంది. మేము మిషన్ తిప్పి చూపించాం. ఆమె చూపు మిషన్ మీద లేదు. కోసి కుప్పగా వేసిన గరిక మీద ఉంది. "ఇంత గడ్డి పారేస్తారా? ఒక మోపు అవుతుంది గదరా" అంటూ కొంగు నడుముకు దోపి, వంగి, చేతులతో కూడదీసి తాడడిగి కట్టేసింది. వాడు కాసేపు అలాగే నిలబడి, వెళ్ళి మోపు రెండో కొస పట్టుకున్నాడు. బస్సు మీద వేసి పంపించాం. అప్పటినుంచి ముందు వైపు గరిక ఎవరికి గేదెలుంటే వాళ్ళకి ఇస్తున్నాం. వయ్యారిభామ మాత్రం పశువులకు పెట్టకూడదు. ఒంటికి తగిలితే దురద కూడా. పూతకు రాకముందే చేతులకు గుడ్డ చుట్టుకుని వేళ్ళతో సహా పీకేయాలి.

మొదటి గడ్డి మిషన్‌ను 1830లో ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన తయారుచేశాడట. బట్టల మిల్లులో గుడ్డ మీది నూగు కత్తిరించే యంత్రం చూసి ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు. అప్పట్లో అది గొప్పవాళ్ళ తోటల అందానికి. మనకు అందం సంగతి తర్వాత, రాత్రి పూట కుళాయి దగ్గరికి భయం లేకుండా నడవడానికి.

తమ్ముళ్ళూ, ఇక అప్పగింతలు. ఇవి మా అనుభవంతో, కొన్ని మా తప్పులతో రాసినవి.

మిషన్ కింద చెయ్యి పెట్టే ముందు ప్లగ్గు మూత తీసేయండి. ఇంజను ఆగి ఉన్నా బ్లేడు తిప్పితే అది రాజుకోవచ్చు. ఈ ఒక్కటి మరిచిపోతే మిగతావన్నీ గుర్తున్నా లాభం లేదు.

తిప్పే ముందు ఆవరణంతా నడిచి రాళ్ళు, తీగలు, సీసా పెంకులు ఏరండి. తిప్పేవాడు బూట్లు వేసుకోవాలి, చెప్పులతో కుదరదు. మిగతావాళ్ళు వరండా ఎక్కాలి. తడి గడ్డి కోయకండి, గుల్లకు అతుక్కుంటుంది, కాలు జారుతుంది.

ఇది ఫోర్‌స్ట్రోక్ ఇంజను. పెట్రోలులో ఆయిల్ కలపకూడదు. ఆయిల్ గది వేరు. ప్రతిసారీ పుల్ల తీసి ఆయిల్ మట్టం చూడండి. ఏడాదికి ఒకసారి, వానలకు ముందు, ఇంజను వెచ్చగా ఉన్నప్పుడు పాత ఆయిల్ తీసి కొత్తది పోయండి. అర లీటరు పైచిలుకు పడుతుంది. పాతది కాలవలో పోయకండి, బాబాయి షాపులో ఇవ్వండి.

పక్కకు వాల్చేటప్పుడు ఎప్పుడూ ఫిల్టరు వైపు పైకి ఉండాలి. లేకపోతే ఆయిల్ ఫిల్టరులోకి దిగి పొగలు కక్కుతుంది. స్పాంజి ఫిల్టరును సబ్బు నీళ్ళతో కడిగి, నీడన ఆరబెట్టి, రెండు చుక్కల ఆయిల్ వేసి పిండి పెట్టండి.

బ్లేడును రెండు వైపులా సమానంగా ఆకురాయి పట్టండి. తర్వాత మధ్య రంధ్రాన్ని గోడ మేకుకు తగిలించి చూడండి. ఒక వైపు వంగితే ఆ వైపు ఇంకొంచెం అరగదీయాలి. బరువు సమంగా లేకపోతే మిషన్ వణికి లోపలి ఇరుసు పాడవుతుంది.

వేసవి సెలవులకు ముందు ట్యాంకు ఖాళీ చేసి, ఉన్నదంతా అయిపోయేదాకా నడిపి ఆపండి. 2024లో మేము పెట్రోలు అలాగే వదిలేసి ఇళ్ళకు వెళ్ళాం. జూన్‌లో వచ్చేసరికి కార్బురేటర్ మళ్ళీ మూసుకుపోయింది, మళ్ళీ ఒక ఆదివారం పోయింది. ఇప్పుడు వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. అది గాలిలోని తేమను పీలుస్తుంది, పాత రబ్బరును మెత్తబరుస్తుంది. అందుకే నెలకు మించి నిల్వ ఉంచకండి, కొంచెం కొంచెమే తెచ్చుకోండి. పైపును ఏడాదికోసారి నొక్కి చూడండి.

లెక్క పుస్తకం మిషన్ పక్కనే మేకుకు వేలాడుతుంది. ప్రతి రూపాయీ రాయండి. లెక్క కనబడితేనే మళ్ళీ అడిగినప్పుడు జనం ఇస్తారు.

ఎలుక కొరికిన తీగను కనిపెట్టిన తమ్ముడు ఇంటర్ పూర్తిచేసి ఇప్పుడు మన హాస్టల్‌లోనే ఉండి డిగ్రీ చదువుతున్నాడు. మిషన్‌కు ఏ జబ్బు చేసినా ముందు వాడిని పిలవండి. ఇప్పటికీ కొడవలి మాత్రం పట్టడు. పట్టమని మేము అడగలేదు, మీరూ అడగకండి.

పాత మిషన్ ఇచ్చిన మేడం గారికి, కూలి తీసుకోకుండా విద్య ఇచ్చిన బాబాయికి, డ్రమ్ము పోయినా మా మీద నమ్మకం పోగొట్టుకోని వార్డెన్ గారికి, మా అల్లరి భరించిన వంట మాస్టారికి, కామాటి తాతకు, వాచ్‌మన్ అన్నకు మా నమస్కారాలు.

మేము ఏప్రిల్‌లో పరీక్షలు రాసి పెట్టెలు సర్దుకుని వెళ్తాం. జూన్‌లో మొదటి వాన పడి గరిక లేచేసరికి ఎక్కడెక్కడో ఉంటాం. ఆ ఆదివారం మీరు తాడు లాగండి. మూడోసారికి అందుకోకపోతే ఫోన్ చేయండి.

ఇట్లు
మీ అన్నలు,
6వ నంబరు గది, డిగ్రీ ఫైనలియర్